ఇంట్లో వాడే ఎల్ఈడీ మాస్కు: వదులైన చర్మానికి, మంగు ఉన్న ముఖానికి ఎంతవరకు పనికొస్తుంది?

తార్నాక శారద
జూన్ 9, ఉదయం 6.50

సభ్యులందరికీ నమస్కారం. నాకు 53 ఏళ్లు. జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి, మొన్న మార్చిలో స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ముఖానికి తొడుక్కునే ఎల్ఈడీ మాస్కు ఒకటి తెచ్చి ఇచ్చి, రోజూ పది నిమిషాలు పెట్టుకుంటే చర్మం బిగుస్తుందని చెప్పి వెళ్లింది. దానిలో ఏడు రంగులున్నాయి. ఎరుపు ముడతలకు, నీలం మొటిమలకు, ఆకుపచ్చ మచ్చలకు, పసుపు నిగారింపుకు అంటూ పెట్టెలోని కాగితం ఒక్కో రంగుకు ఒక్కో పని అప్పగించింది. నవరత్నాల ఉంగరం అమ్మేవాడి మాటలు విన్నట్టే ఉంది.

నా ఇబ్బందులు రెండు. ముట్లు ఆగి రెండేళ్లయింది, అప్పటి నుంచి దవడ కింద, నోటి పక్కన చర్మం వదులైంది. రెండోది అంతకంటే పాతది. మా అబ్బాయి కడుపులో ఉన్నప్పుడు రెండు చెంపల మీదా వచ్చిన మంగు పూర్తిగా పోలేదు. మిట్టమధ్యాహ్నం స్కూటీ మీద తిరిగిన పుణ్యమా అని ప్రతి వేసవికీ ముదురుతూనే ఉంది. ఎర్రని కాంతితో ఆకు ఏం చేసుకుంటుందో పాతికేళ్లు పిల్లలకు చెప్పినదాన్నే కానీ, మనిషి చర్మం దానితో ఏం చేసుకుంటుందో నాకు తెలియదు. ఇది నిజంగా చర్మాన్ని బిగిస్తుందా, మంగు ఉన్నవాళ్లు పెట్టుకోవచ్చా, పెట్టె మీద రాసినది మాస్కులో ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకునే దారి ఏదైనా ఉందా? తెలిసినవారు చెప్పగలరు.

కుషాయిగూడ రామం
జూన్ 9, ఉదయం 9.15

శారద గారూ, మీరు చదువు చెప్పిన శాస్త్రానికీ ఈ మాస్కుకూ దగ్గర చుట్టరికమే ఉంది. అంతరిక్షంలో మొక్కలు పెంచడానికి నాసా ఎర్ర ఎల్ఈడీల మీద పని చేయించింది; 1990ల్లో అవే దీపాలను గాయాలు మాన్పే ప్రయోగాలకు కూడా వాడారు. అసలు మొదలు ఇంకా వెనక ఉంది. 1967లో బుడాపెస్టులో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు ఎలుకల వీపు గొరిగి, తక్కువ శక్తి గల ఎర్రని లేజరు కాంతి పడేలా చేస్తే, కాంతి పడిన ఎలుకలకు వెంట్రుకలు తొందరగా మొలిచాయి. కణంలోని మైటోకాండ్రియాలో ఉండే సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఎరుపును, ఎరుపుకు అవతల ఉండే పరారుణాన్ని పీల్చుకుంటుందని, దాని వల్ల కణానికి శక్తి పెరుగుతుందని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను లోపల అల్లే ఫైబ్రోబ్లాస్టు కణాలు కూడా అలా చురుకవుతాయని ఆశ. కనుక ఇది ఒట్టి బూటకం కాదు.

నేను ముప్పై ఏళ్లు ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలో పనిచేసినవాడిని, చర్మం గురించి చెప్పను, దీపం గురించి చెబుతాను. పెట్టె మీద మీరు వెతకవలసినవి రెండే అంకెలు. ఒకటి తరంగదైర్ఘ్యం, అంటే కాంతి ఏ రంగుదో చెప్పే కొలత: ఎరుపు 630 నుంచి 660 నానోమీటర్ల మధ్య, పరారుణం 830 లేదా 850 దగ్గర ఉండాలి. రెండోది చర్మం మీద చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీవాట్లు పడుతున్నాయన్నది. ఎన్ని బల్బులున్నాయో పెద్ద అక్షరాలతో వేసి ఈ రెండోది వేయని పెట్టెలే ఎక్కువ. బియ్యం బస్తా మీద గింజల లెక్క రాసి తూకం రాయకపోవడం లాంటిదే ఇది.

పరారుణం నిజంగా ఉందో లేదో చూసుకోవడం తేలిక. గది చీకటి చేసి, మాస్కు వెలిగించి, ఫోను ముందు కెమెరాలోంచి చూడండి. కంటికి ఆరిపోయినట్టో, మసక ఎరుపుగానో కనిపించే బల్బులు కెమెరాలో తెల్లగానో ఊదాగానో మెరిస్తే పరారుణం ఉన్నట్టే. కొన్ని ఫోన్లలో వెనక కెమెరాకు దాన్ని అడ్డుకునే వడపోత గట్టిగా ఉంటుంది, అందుకే ముందు కెమెరా అన్నాను.

గచ్చిబౌలి పద్మజ
జూన్ 9, రాత్రి 10.40

అక్కా, మీ అమ్మాయి పనిచేసే వైపే నేనూ పనిచేస్తాను కనుక చనువుగా చెబుతున్నాను: ఏడు రంగుల జోలికి మాత్రం వెళ్లకండి. నిరుడు నేను ఇలాంటి మాస్కే తీసుకున్నాను. గడ్డం మీద నెలకోసారి మొటిమలు వస్తాయని వారానికి మూడు రోజులు నీలం, మిగిలిన రోజులు ఎరుపు పెట్టుకున్నాను. ఆరు వారాలకు మొటిమలు కొంచెం తగ్గిన మాట నిజమే. కానీ చెంప ఎముకల మీద లేత గోధుమ రంగులో ఉన్న మంగు, కళ్లజోడు తీస్తే కూడా కనిపించేంత నల్లబడింది. కిటికీ పక్క సీటులో కూర్చోవడం వల్లనేమోనని తెర వేయించాను, క్రీము మార్చాను, చివరికి మాస్కు మీద అనుమానం వచ్చి నీలం ఆపాను. నెల రోజులకు ముదరడం ఆగింది, వెనక్కి వెళ్లడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది.

ఎరుపు మాత్రం ఇప్పటికీ పెట్టుకుంటున్నాను. చర్మం మెత్తగా, తేటగా ఉంటోంది, కళ్ల చివర గీతలు పలచబడ్డాయి. దవడ బిగిసిందా అంటే అలా చెప్పలేను.

చర్మవైద్యురాలు, దిల్‌సుఖ్‌నగర్
జూన్ 10, మధ్యాహ్నం 2.30

పద్మజ గారికి జరిగినది ఆశ్చర్యపడవలసిన విషయం కాదు. మన వంటి గోధుమ, చామనఛాయ చర్మాల మీద కంటికి కనిపించే కాంతి కూడా రంగును ముదరబెడుతుంది, అందులోనూ నీలం వైపు కాంతిది పెద్ద వాటా. ఫ్రాన్సు పరిశోధకులు 2014లో ఒకే మనుషుల వీపు మీద రెండు రంగుల కాంతీ వేసి చూశారు. 415 నానోమీటర్ల నీలి కాంతి పడిన చోట చర్మం నల్లబడి చాలాకాలం అలాగే నిలిచింది, 630 దగ్గరి ఎరుపు పడిన చోట నల్లబడలేదు. రంగును తయారుచేసే మెలనోసైట్లలో ఆప్సిన్-3 అనే గ్రాహకం నీలి కాంతిని పసిగడుతుందని 2018లో తేలింది. మొటిమల మాస్కుల్లో ఉండేది సరిగ్గా ఆ 415 దగ్గరి నీలమే. కాబట్టి మంగు ఉన్నవాళ్లకు నీలం, దానికి పక్కనే ఉండే ఊదా, నీలం కలిసి ఉండే తెలుపు వద్దు. ఆకుపచ్చ మచ్చలను పోగొడుతుందన్న మాటను నేను నమ్మను.

అలాగని కాంతి వైద్యాన్ని తీసిపారేయకండి. నీలోఫర్ ఆసుపత్రిలో పచ్చకామెర్లు వచ్చిన పసికందులను నీలి దీపం కింద పడుకోబెట్టడం మనలో చాలామంది చూసినదే. 460 నుంచి 490 నానోమీటర్ల కాంతి చర్మంలో పేరుకుని పచ్చదనం తెచ్చే బిలిరుబిన్ ఆకారాన్ని మార్చి, అది శరీరం నుంచి బయటికి పోయేలా చేస్తుంది. సరైన రంగు, సరైన మోతాదు ఉంటే వెలుతురు కూడా మందే. ఆ పిల్లల కళ్లకు గంతలు కడతారన్నది కూడా గుర్తుంచుకోండి. న్యూట్రోజీనా సంస్థ మొటిమల కోసం అమ్మిన కాంతి మాస్కును 2019 జూలైలో తానే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. కొన్ని కంటి జబ్బులు ఉన్నవారికి, కాంతికి చర్మాన్ని సున్నితం చేసే మందులు వాడేవారికి కంటికి హాని కలగవచ్చన్న జాగ్రత్తతో ఆ పని చేసింది. మాస్కుకు కళ్ల దగ్గర రబ్బరు అంచు ఉన్నా కళ్లు మూసుకునే ఉండండి, వీలైతే లోపల కళ్లకు నల్లటి కప్పులు పెట్టుకోండి. రెటీనా జబ్బు ఉన్నవారు కంటి వైద్యులను అడగకుండా మొదలుపెట్టవద్దు. లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే తిరగబడే జబ్బు) ఉన్నవారు, డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్ వంటి మాత్రలు వాడుతున్నవారు కూడా ముందు తమ వైద్యులతో మాట్లాడాలి.

ఇక బిగువు సంగతి. ముట్లు ఆగిన తర్వాత మొదటి ఐదేళ్లలో చర్మంలోని కొల్లాజెన్ దాదాపు 30 శాతం వరకు తగ్గుతుందని పాత పరిశీలనలు చెబుతున్నాయి. శారద గారు గమనించిన మార్పు అదే. ఎర్ర కాంతి చర్మంలోకి కొన్ని మిల్లీమీటర్లే దిగుతుంది. చర్మం మందం, గరుకుదనం, సన్నని గీతల మీద అది పనిచేయవచ్చు. కానీ దవడ జారడానికి కారణం చర్మం ఒక్కటే కాదు. కింద ఉన్న కొవ్వు స్థానం మారడం, వయసుతో ఎముక అరగడం కూడా అందులో ఉన్నాయి. వాటిని ఏ మాస్కూ అందుకోలేదు.

నల్లకుంట సందేహి
జూన్ 10, రాత్రి 8.05

డాక్టరు గారు చెప్పినది గౌరవిస్తూనే నా సందేహం పెడుతున్నాను. ఈ మాస్కులు అమ్మేవాళ్లంతా చూపించేది 2007లో కొరియాలో 76 మంది మీద జరిగిన పరీక్షను. ముఖంలో ఒక సగానికే కాంతి వేసి, వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాలు చేశారు. ముడతలు 36 శాతం వరకు తగ్గాయని, సాగే గుణం 19 శాతం వరకు పెరిగిందని ఫలితం వచ్చింది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ అక్కడ వాడిన మోతాదు చూడండి: 633 నానోమీటర్ల ఎరుపు చదరపు సెంటీమీటరుకు 105 మిల్లీవాట్లు, 20 నిమిషాలు, అంటే మొత్తం 126 జౌళ్ల శక్తి. మాస్కు చదరపు సెంటీమీటరుకు 30 మిల్లీవాట్లు ఇస్తుందనుకున్నా, పది నిమిషాలకు 18 జౌళ్లే. ఏడో వంతు మందు మింగించి మొత్తం గుణం వస్తుందని చెప్పడం న్యాయమా?

మరో మాట. 2013లో వెలువడిన ఆస్ట్రేలియా పరీక్షలో 55 ఏళ్ల లోపు 903 మందిని నాలుగున్నరేళ్లు గమనిస్తే, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారిలో చర్మం ముదరడం, ఇష్టం వచ్చినప్పుడు రాసుకున్నవారి కంటే 24 శాతం తక్కువగా కనిపించింది. ఆ గొట్టం ధరెంత, ఈ మాస్కు ధరెంత? పాతికేళ్లు స్కూటీ మీద ఎండను మోసిన ముఖానికి ముందు గొడుగు పట్టి, దీపం సంగతి తర్వాత చూడవచ్చు కదా.

కుషాయిగూడ రామం
జూన్ 11, ఉదయం 7.20

సందేహి గారి కూడిక, గుణకారం సరిగ్గానే ఉన్నాయి. కానీ లెక్క అక్కడితో అయిపోలేదు. 2014లో జర్మనీలో 136 మందితో జరిగిన పరీక్షలో ఎరుపు మోతాదు సుమారు 9 జౌళ్లే. వారానికి రెండుసార్లు, మొత్తం 30 సార్లు చేశారు. అల్ట్రాసౌండుతో కొలిస్తే చర్మంలో కొల్లాజెన్ సాంద్రత పెరిగింది, చర్మం గరుకుదనం తగ్గింది. పరారుణం దాకా విస్తరించిన దీపం, ఒట్టి ఎర్ర దీపం కంటే ఎక్కువ మేలేమీ చేయలేదు. నిజాయితీగా చెప్పవలసిన లోపం కూడా ఉంది: వాళ్లు వాడినవి పడుకుని కాంతి పెట్టించుకునే పెద్ద దీపాల పరికరాలు, మాస్కులు కావు, పోలిక కోసం పెట్టుకున్నవారికి ఏ దీపమూ పెట్టలేదు, కనుక నమ్మకం వల్ల కలిగే మార్పును పూర్తిగా విడదీయలేం. అయినా 18 జౌళ్లు బొత్తిగా పనికిరావని కొరియా లెక్క ఒక్కటే చూపి చెప్పలేం.

ఈ వైద్యంలో ఒక తిరకాసుంది. మోతాదు పెంచినకొద్దీ గుణం పెరగదు. ఒక దశ దాటితే తగ్గుతుంది. మొక్కకు నీళ్లు ఎక్కువైతే వేరు కుళ్లదా? అందుకే పది నిమిషాలు చాలలేదని నలభై నిమిషాలు పెట్టుకునే ఉబలాటం వద్దు.

ఇక్కడ చిన్న పిట్టకథ. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక కొట్టువాడు నాకు లక్స్ మీటరు అంటగట్టబోయి, దీనితో మాస్కు శక్తి కొలవవచ్చన్నాడు. లక్స్ అనేది మనిషి కంటికి కనిపించే వెలుగు లెక్క; పరారుణాన్ని అది లెక్కలోకి తీసుకోదు. పోనీ అని సౌరఫలకలు బిగించే మిత్రుడి దగ్గర మీటరు తెచ్చి మా ఆవిడ మాస్కుకు పెట్టాను. అది సూర్యకాంతికి సరిచేసిన పరికరం కాబట్టి ఎర్ర ఎల్ఈడీల దగ్గర ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అంత ఉదారంగా కొలిచినా పెట్టె మీద రాసినదానిలో సగం రాలేదు.

చర్మవైద్యురాలు, దిల్‌సుఖ్‌నగర్
జూన్ 11, రాత్రి 9.10

సందేహి గారి వరుసతో నేను ఏకీభవిస్తున్నాను. ముందు సన్‌స్క్రీన్, అది కూడా ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేత రంగుది. తెల్లగా ఉండే మామూలు సన్‌స్క్రీన్ అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది కానీ, మంగును ముదరబెట్టే కనిపించే కాంతిని పెద్దగా ఆపదు. ఆ తర్వాత రాత్రిపూట రెటినాయిడ్, అంటే విటమిన్ ఎ జాతి క్రీము, అది వైద్యులు చూసి రాసినదై ఉండాలి. మాస్కు మూడో స్థానంలో వస్తుంది. కొరియా వారి చర్మం, జర్మనీ వారి చర్మం మన చర్మంలో ఉన్నంత మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం) ఉన్నవి కావు. మెలనిన్ ఎక్కువ ఉన్నచోట ఎర్ర కాంతి కూడా కొంత అక్కడే వేడిగా మారుతుంది, వేడి మంగుకు పడదు. మాస్కు తీసేసరికి ముఖం వెచ్చగా అనిపిస్తే వ్యవధి తగ్గించండి. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను లేనప్పుడు పెట్టుకునే వస్తువు కాదు ఇది.

బోడుప్పల్ అనిత
జూన్ 12, ఉదయం 11.00

డాక్టరమ్మ గారూ, మంగుకని మందుల దుకాణంలో ఇచ్చిన క్రీము నేను రెండేళ్లుగా రాస్తున్నాను. మానేస్తే ముఖం మండి ఎర్రబడుతోంది. ఎర్ర లైటు పెట్టుకుంటే ఆ మంట తగ్గుతుందని బ్యూటీ పార్లరులో అన్నారు. పెట్టుకోవచ్చా?

చర్మవైద్యురాలు, దిల్‌సుఖ్‌నగర్
జూన్ 12, మధ్యాహ్నం 1.15

వద్దమ్మా, ఇప్పుడు వద్దు. ఆ గొట్టం మీద ఉన్న పేర్లలో మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసోల్, ఫ్లూసినోలోన్ వంటిది ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. మొదట ముఖాన్ని తెల్లగా చేసి, నెలల తరబడి రాస్తే చర్మాన్ని పలచన చేస్తుంది, ఆపగానే మంట, ఎరుపు వస్తాయి. మీరు చెప్పిన లక్షణాలు దానికే సరిపోతున్నాయి. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, అలాగని వైద్యులకు చూపించకుండా రాస్తూనే ఉండకండి. గొట్టం చేత్తో పట్టుకుని ఈ వారంలోనే చర్మవైద్యులను కలవండి. ఉస్మానియా ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, ఖర్చుకు వెనుకాడనవసరం లేదు. దీపం మాట ఆ తర్వాత ఆలోచిద్దాం.

తార్నాక శారద
జూన్ 13, ఉదయం 6.30

అందరికీ ధన్యవాదాలు. రామం గారు చెప్పినట్టు రాత్రి చీకట్లో ఫోను పట్టుకుని చూశాను. ఎరుపు బల్బులు నిండుగా ఉన్నాయి, పరారుణం ఉందని కాగితం మీద ఉన్నా ఒక్క బల్బూ కెమెరాలో మెరవలేదు. టీవీ రిమోట్ నొక్కితే అదే కెమెరాలో చుక్క మెరిసింది కనుక కెమెరా తప్పు కాదు. జర్మనీ వారి లెక్క ప్రకారం పరారుణం లేకపోయినా పెద్ద నష్టం లేదని మనసుకు సర్దిచెప్పుకున్నాను, కానీ లేనిదాన్ని ఉందని రాయడం నాకు నచ్చలేదు. మా అమ్మాయి తిరిగి ఇచ్చేద్దామంది. పెట్టె తెరిచిన పది రోజుల తర్వాత తీసుకోరట.

ఎరుపు ఒక్కటే, వారానికి నాలుగు రోజులు, పది నిమిషాలు, ముఖం కడిగి ఏమీ రాయకుండా, కళ్లు మూసుకుని. ఇదీ నేను పెట్టుకున్న నియమం. లేత రంగు సన్‌స్క్రీన్ కూడా కొన్నాను. ఉత్తరం వైపు కిటికీ దగ్గర, ఉదయం ఏడింటికి, ఒకే కుర్చీలో కూర్చుని ప్రతి రెండు వారాలకూ ఫోటో తీయిస్తాను. ప్రయోగశాలలో పిల్లలకు నేర్పినది నా ముఖానికి వర్తింపజేయకపోతే ఎలా?

తార్నాక శారద
సెప్టెంబర్ 28, ఉదయం 7.45

పదిహేను వారాలయింది. బోనాల వారం, వినాయక చవితికి ఊరెళ్లిన వారం తప్ప మానలేదు. ఫోటోలు వరుసగా పెట్టి మా అమ్మాయికి, తేదీలు దాచి మా ఆయనకు చూపించాను. కళ్ల కింద, పై పెదవి మీద సన్నగీతలు తగ్గాయని ఇద్దరూ అన్నారు. చేత్తో తాకితే చెంప నునుపు నాకే తెలుస్తోంది. దవడ కింద ఏ మార్పూ లేదు. మొదటి ఫోటో, చివరి ఫోటో పక్కపక్కన పెడితే మా ఆయన తారుమారు చేసి చెప్పారు. మంగు ముదరలేదు, అంచులు కొంచెం వెలిశాయి. అది మాస్కు వల్ల కాదని, సన్‌స్క్రీన్ వల్ల, మబ్బు పట్టిన వానాకాలం వల్ల అని నా అనుమానం.

నల్లకుంట సందేహి
సెప్టెంబర్ 28, ఉదయం 10.20

తేదీలు దాచి చూపించారు చూడండి, దానికి నా నమస్కారం. అయితే గీతలు తగ్గడం కూడా సన్‌స్క్రీన్ పుణ్యం కాదని ఎలా అనగలరు? రెండూ ఒకేసారి మొదలుపెట్టారు కదా.

తార్నాక శారద
సెప్టెంబర్ 28, మధ్యాహ్నం 12.10

అనలేను, మీరు పట్టుకున్నది నిజమైన లోపమే. అందుకే సంక్రాంతి వరకు మాస్కు ఆపి, సన్‌స్క్రీన్ ఒక్కటే కొనసాగించి, అదే కిటికీ దగ్గర ఫోటోలు తీయిస్తాను. ఈలోగా మాస్కు మా వదినగారికి ఇస్తున్నాను. ఆమెకూ మంగు ఉంది కాబట్టి, రిమోట్ మీద రంగులు మార్చే మీటకు ప్లాస్టరు ముక్క అంటించి మరీ ఇస్తున్నాను.